నిటారక్క కోటు

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

చెల్లీ,

నేను పడలేదు. ముందు ఆ మాట సరిచేసి, తర్వాత కుశలప్రశ్నలు వేస్తాను. "మెట్ల మీద పడ్డావట అక్కా" అని రాశావు. పడడం వేరు, కూర్చోవడం వేరు. నేను కూర్చున్నాను. కాస్త ముందస్తు ఆలోచన లేకుండా, కాస్త చప్పుడుతో కూర్చున్నాను, అంతే. కింది వాటా ఆవిడ తలుపు తీసి "అయ్యో, పెద్దమ్మగారూ!" అంటే, ఆయాసం తీర్చుకుంటున్నానని చెప్పాను. సంచిలో ఉల్లిపాయలు మాత్రం నాతో విభేదించి వీధి గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయాయి.

ఈ సంగతి నీకెలా తెలిసిందో నాకు తెలుసు. నా దగ్గరుంటున్న మనవరాలు చూసింది వాళ్లమ్మకి, అంటే నా పాపాయికి చేరుతుంది, పాపాయికి చేరింది నీకు చేరుతుంది. నాకు మాత్రం అన్నీ చివర్న, చల్లారాక వడ్డిస్తారు. పాపాయి హాస్పిటల్ మాత్రలు మానేసిందన్న కబురు కూడా మొన్న మనవరాలు నోరు జారితేనే నాకు తెలిసింది. కన్నది నేను. యాభై రెండేళ్లు వచ్చినా పాపాయి అని పిలిచేదీ నేనే. అది ఉద్యోగం పేరుతో మీ ఊళ్లో ఉన్నంతమాత్రాన దాని కబుర్లన్నీ నీ కుట్టుమిషన్ కొట్టుకే చేరాలా?

బస్సు మెట్టు దిగుతూ ఊరికే చెయ్యి ఆనించినందుకే దాని మణికట్టు విరిగింది. స్కాన్ తీసి, ఎముకలు గుల్లబారాయి, ముట్లు ఆగిన నాలుగేళ్లకే ఇంత నష్టం ఉండకూడదు అని డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఆ మాత్రలు మానేసి, నువ్విచ్చే నల్లేరు పొడి పాలల్లో కలుపుకు తాగుతోందట. ఆదివారం ఆదివారం నీ కొట్టులో ఆడవాళ్లందరూ చేరి ఆ పొడి తీసుకెళ్తారట. నిన్ను 'నిటారక్క' అంటున్నారట. ఆ వయసులో ఆ వెన్నేమిటి, ఆ నడకేమిటి అని పాపాయి ఫోనులో నాకు వర్ణించి చెప్పింది. నేను విన్నాను. నాకు అసూయ లేదు. ఉంటే చెప్పేదాన్ని.

ఒకటే అడుగుతున్నాను. మాత్రలు మానెయ్యమని దానికి చెప్పింది నువ్వేనా?

నీ అక్క

*

కొట్టు వెనక గది, ఇస్త్రీ బల్ల

అక్కా,

సరే, నువ్వు పడలేదు. కూర్చున్నావు. ఉల్లిపాయలు పడ్డాయి. వాటికి దెబ్బలేమీ తగల్లేదు కదా?

మానెయ్యమని నేను చెప్పలేదు. మాత్ర వేసుకుంటే గుండెల్లో మంట, తిండి సయించడం లేదు అని ఏడుపు మొహంతో వచ్చింది. కళ్లజోళ్ల షాపులో పనిచేసేదానికి ఆ చెయ్యి ఎంత ముఖ్యమో నీకు తెలియదా? ఆవగింజంత స్క్రూలు బిగించాలి. కట్టు విప్పినా పట్టు రాలేదు. దిగులుపడుతుంటే నేను రోజూ వాడే పొడి ఇచ్చాను. మానేసింది అదే, ఇచ్చింది నేను. అందులో తప్పేముంది? తీగ మన పెరటిదే, కుండీలో పెంచాను. కోస్తుంటే చేతులు దురద, అందుకని నూనె రాసుకుని కోస్తాను, నీడలో ఆరబెడతాను, దంచుతాను. మందుల కంపెనీ వాడు నా అంత ఓపిగ్గా చేస్తాడా?

వీధిలో వాళ్లు నిటారక్క అంటే నేనేం చెయ్యను? బోర్డు రాయించుకోలేదు. బట్టలు కొలతకిచ్చే వాళ్లే, ముట్లాగిన కాడి నుంచీ నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అని కూర్చుంటారు. వచ్చినవాళ్లకి ఓ పొట్లం, ఓ మంచిమాట. నువ్వు ముప్ఫై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పావు. ఆ తీగకి లాటిన్‌లో ఏమంటారో నీకు తెలుసు. కాచి తాగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నన్ను కూడా నలుగురూ ఏదో ఒకటి అడగనీ అక్కా. మన ఇంట్లో అందరూ నిన్నే అడిగేవాళ్లు.

పోయినేడు నీ పాత కొలతలకి జాకెట్టు కుట్టి పంపితే, "వీపు దగ్గర ఉబ్బెత్తుగా ఉంది, నీ చెయ్యి పాడైంది" అని రాశావు గుర్తుందా? నా చెయ్యి పాడవలేదు. నా దగ్గరున్న నీ కొలతలే పాతబడ్డాయి. అంతకన్నా చెప్పనులే, మళ్లీ ఉత్తరం అంతా సరిచేస్తావు.

అన్నట్టు నీ గోధుమరంగు కోటుకి అస్తరు, ఆ లోపలి గుడ్డ, మారుస్తానని ఎప్పటినుంచో చెప్తున్నాను. పంపవేం?

నీ చెల్లి

*

అదే బల్ల, అదే కిటికీ

చెల్లీ,

నా కోటు జోలికి రాకు. అది బాగానే ఉంది.

నీ తీగని నేనేమీ అనడం లేదు. దాని మీద అచ్చయినవి తెప్పించుకుని చదివాను. ఎలుకల ఎముకలకి మంచి చేసినట్టుంది. కొద్దిమంది మనుషుల మీదా చూశారు, ఏదో కొంత ఆశ ఉందన్నారు. ముట్లాగిన ఆడదాని ఎముక విరక్కుండా అది ఆపుతుందని మాత్రం నేను చదివిన వాళ్లెవరూ తేల్చలేదు. ఎలుకలకి పొడి ఇవ్వదలిస్తే నిరభ్యంతరంగా ఇచ్చుకో, మీ కొట్టులో వాటికి లోటు లేదు. పాపాయి ఎలుక కాదు.

నేనూ ఆ మాత్రలే వేసుకుంటున్నాను. వారానికోసారి, పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో. వేసుకున్నాక అరగంటసేపు ఒరగకూడదు, పడుకోకూడదు. కొలువులో రాణిలా కుర్చీలో కూర్చుంటాను. మనవరాలు ఎదురుగా నిలబడి "అమ్మమ్మా, దర్శనం ఎప్పుడవుతుంది?" అంటుంది. నీ పాపాయి మాత్ర మింగి మళ్లీ ముసుగుతన్ని పడుకునేదట! గుండెల్లో మంట పుట్టదా మరి? ఆ సంగతి డాక్టరమ్మకి చెప్తే వేరే దారి చూపేది. అది నీకు చెప్పింది.

ఫోను చేస్తే పిన్ని అంటుంది. పిన్ని గంజి కాచింది, పిన్ని నా చేతికి వ్యాయామం చేయించింది, పిన్ని నడుస్తుంటే చూడాలమ్మా. నేను దానికి సైన్సు చెప్తాను, నువ్వు గంజి కాస్తావు. ఎవరి వైపు ఒరుగుతుందో నాకు తెలియక కాదు. మంచి కూతుర్ని కంటే సరిపోదు, పక్కన మంచి చెల్లెలు లేకుండా కూడా చూసుకోవాలి.

మొన్న మనవరాలు వంటగది గుమ్మానికి ఆనుకుని పెన్సిలుతో తన పొడుగు గీసుకుంది. పక్కనే నేను రిటైరైన ఏడు గీసిన నా గీత ఉంది. "నువ్వూ నిలబడు అమ్మమ్మా, చూద్దాం" అంది. స్టవ్ మీద పాలున్నాయని వచ్చేశాను. స్టవ్ మీద ఏమీ లేదు.

పాపాయి వచ్చే వారం నా దగ్గరికొస్తోంది. నేనే నచ్చచెప్తాను. నీ సాయం అక్కర్లేదు.

నీ అక్క

*

కొట్టు

అక్కా,

పాపాయితో నా బూడిదరంగు కోటు పంపుతున్నాను. నీకు కాదు, దానికే. ఈ మధ్య నాకు బరువనిపిస్తోంది. అది నాకంటే పొడుగు కదా, అంచు విప్పి పొడుగు చేసి ఇచ్చాను. ఇస్త్రీ సరిగ్గా చెయ్యలేదు, నువ్వు చేయించు.

ఎక్కువ రాయలేను. కూర్చుంటే కళ్లు లాగుతున్నాయి. మిషన్ పని తగ్గించాను. కుర్రది ఒకతె వచ్చి కాజాలు కుడుతోంది.

దానితో గట్టిగా మాట్లాడకు.

నీ చెల్లి

*

కిటికీ పక్క బల్ల

చెల్లీ,

కూర్చుంటే కళ్లు లాగవు. వెన్ను లాగుతుంది. ఇది కూడా సరిచేసి మొదలుపెడుతున్నాను.

పాపాయి వచ్చింది, మూడు రోజులుంది, వెళ్లింది. గట్టిగా మాట్లాడకు అన్నావు. మొదటిరోజు మాట్లాడలేదు.

"మాత్రలెందుకు మానేశావే?"

"కడుపులో మంటమ్మా."

"డాక్టరమ్మకి చెప్పావా?"

"పిన్నికి చెప్పాను."

"పిన్ని ఏ కాలేజీలో చదివింది వైద్యం?"

"చదవకపోతేనేం? పిన్ని నిటారుగా ఉంది. నువ్వు..." అని ఆగిపోయింది.

ఆ ఆగడం ఉంది చూశావూ, అది నిండు వాక్యం కన్నా పొడుగ్గా ఉంది. "నేను? చెప్పు, నేను?" అన్నాను. "నీకు పిన్నంటే అసూయమ్మా. నా చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. పిన్ని కుట్టిన గౌను బాగుందంటే నీ మొహం మారిపోయేది" అంది. ఆ తర్వాత నేను గట్టిగానే మాట్లాడాను. అది మాట్లాడ్డం మానేసింది.

మర్నాడు అది మనవరాలితో బయటికెళ్లినప్పుడు నీ కోటు ఇస్త్రీకి తీశాను. పని చేస్తే కోపం తగ్గుతుందని. అంచు తిరగేసి చూశాను చెల్లీ.

మడతలో దాక్కున్న బట్ట ఎండ చూడదు. రంగు కొత్తగా ఉంటుంది. చెట్టు కాండాన్ని అడ్డంగా కోసి, ఇది వానలు పడిన ఏడు, ఇది పడని ఏడు అని పిల్లలకి చూపించినదాన్ని. నీ కోటు అంచు చదవలేనా? అట్టడుగున మొదటి మడత. దానిపైన వేలెడు ఎత్తున ఇంకో గీత. దానిపైన మరొకటి. రెండుసార్లు పైకి మడిచావు. పోనీ ఫ్యాషను మారిందనుకుందామంటే, లోపల ఆ ముదురు ఎరుపు అస్తరు ఉంది. అది వేసినప్పుడు నువ్వే నాకు రాశావు, "తీగ పొడి మొదలుపెట్టాను, కోటుకి అస్తరు మార్చాను, ఈ ఏడు నేనూ నా కోటూ కొత్తగా ఉన్నాం" అని. ఆ రెండు మడతల కుట్ల ఆనవాళ్లూ ఎర్ర అస్తరు మీదే ఉన్నాయి. అంటే పొడి మొదలుపెట్టాకే నువ్వు రెండుసార్లు కురచయ్యావు.

ఒప్పుకుంటాను, ఆ పూట కాఫీ నాకు మహా రుచిగా ఉంది. నిటారక్కట! రెండో కప్పు కూడా పెట్టుకున్నాను. పాపాయి గుమ్మంలో కాలు పెట్టగానే కోటు దాని ముందు పరిచి, ఇదిగో మీ పిన్ని వెన్ను అని చూపిద్దామనుకున్నాను. ఏ మాట ముందు, ఏ మాట వెనక అని వరస కూడా వేసుకున్నాను.

అది వచ్చింది. "ఇస్త్రీ భలే చేశావమ్మా" అని కోటు తొడుక్కుని అద్దం ముందు తిరిగింది. నేను నోరు విప్పలేదు.

జాలిపడ్డానని అనుకోకు. లెక్క వేసుకున్నాను. నేను చెప్తే అది నమ్మదు. నాకు నీ మీద అసూయ ఉందని దానికి తెలుసు. నిజం చెప్పాలంటే ఉంది కూడా. అందుకని నా నోట్లోంచి వచ్చిన నిజం దానికి అసూయలాగే వినబడుతుంది. కోటు చూపిస్తే, "పిన్ని మీద నేరం మోపడానికి కోటు కూడా వెతికావా" అంటుంది. ఇంకా మొండికేస్తుంది. ఈసారి బస్సు మెట్టు దగ్గర మణికట్టుతో పోదు, తుంటి దాకా వస్తుంది.

నీ మాటైతే వింటుంది. ఈ వాక్యం రాయడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకు చెప్పను.

నువ్వే చెప్పాలి. కోటు సంగతి, వెన్ను సంగతి, అన్నీ. దాన్ని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లు. నువ్వూ చూపించుకో. చెప్పకపోతే నేనేం చేస్తానని బెదిరించడం లేదు. నా దగ్గర బెదిరించడానికి ఏమీ లేదు, అదే నా బాధ.

నీ అక్క

*

కొట్టు వెనక గది, మంచం

అక్కా,

మంచం మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నన్ను తిట్టకు, వెన్నుని తిట్టు.

కోటు నీ కంట పడుతుందని తెలిసే పంపానేమో అని ఇప్పుడనిపిస్తోంది. లేకపోతే వీధిలో ఇంతమంది ఉండగా నీ ఇంటికే పంపుతానా? నోటితో చెప్పలేకపోయాను.

చలికాలంలో ఇస్త్రీ పెట్టె ఎత్తబోతే వీపులో ఏదో పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా హాస్పిటల్‌కి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాను. వెన్నుపూసల్లో ఒకటి అణిగిపోయిందన్నారు. మాత్రలు రాశారు. పొట్లాల పక్కనే పెట్టుకుని, పొట్లాలిచ్చినంత ధైర్యంగా అవి మింగలేక, ఓ వారం వేసుకుని ఓ వారం మానేసి... నేను చేసింది కూడా పాపాయి చేసిందే.

మరి నిటారుగా ఎలా కనబడ్డానని అడుగుతావు. నేను దర్జీదాన్నక్కా. వంగిన వీపుని బట్టతో నిలబెట్టడం నా పనే కదా. జాకెట్టుకి వెనక నిలువు కుట్లు, మెడ దగ్గర కాస్త ఎత్తు పట్టీ, భుజాల్లో రెండు పొరల దూది. వీధంతా నా వెన్నుని మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సింది నా కత్తెరని. ఒక్కరూ కనిపెట్టలేదు. కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఎందుకు దాచావంటే ఏం చెప్పను? నువ్వు పుస్తకాల్లో పడి చదువుకుంటుంటే నన్ను మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. దానికి ఏడవలేదు. కానీ పాపాయి వచ్చి "పిన్నీ, ఏం చెయ్యమంటావు?" అని నన్ను అడిగింది చూడు, నీ కూతురు, నిన్ను కాదని నన్ను... ఆ మాట వదులుకోబుద్ధి కాలేదు. నీకొక్కదానికే ఉందనుకుంటున్నావా అసూయ?

నిన్న ఆదివారం చెప్పేశాను. ఒంటరిగా చెప్తే మాట మార్చేస్తానని అందరి ముందే చెప్పాను. పాపాయిని ఆ కోటు వేసుకురమ్మన్నాను. బల్ల పక్కన నిలబెట్టి అంచు తిరగేసి సుద్దతో చూపించాను. "పొడి మొదలుపెట్టినప్పుడు నేనింత. తర్వాత ఇంత. ఇప్పుడు ఇంత" అన్నాను. తర్వాత ఎక్స్‌రే సంగతి చెప్పి, జాకెట్టు భుజంలోంచి దూది లాగి బల్ల మీద పెట్టాను. రొట్టెల దుకాణం ఆవిడ, "అయితే నిటారక్కా, ఈ వారం పొట్లాలు ఇవ్వవా?" అంది. అందరూ ఘొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, వీపు నొప్పి పుట్టింది.

పాపాయి నవ్వలేదు. "నన్ను మోసం చేశావు పిన్నీ" అంది. "చేశాను" అన్నాను. బయటికెళ్లిపోయింది. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చి, "నీ ఎక్స్‌రే తీసి పెట్టుకో, రేపే వెళ్దాం" అంది. అచ్చం నీ గొంతు. భయమేసింది.

ఇవాళ ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మాత్ర దానికి పడదంటే, ఏడాదికోసారి సెలైన్‌లాగా ఎక్కించే మందుందట. ముందు రక్తపరీక్ష, పళ్లు కూడా చూపించుకు రమ్మంది. నాకూ అదే మేలంది. పొడి బల్ల మీద పెట్టి చూపించాను. "ఏమేం తింటున్నారో నాకు చెప్పి తినండి. మందుకి బదులు మాత్రం ఇది కాదు. పెరుగు తినండి, ఎండలో నడవండి, నడుం వంచి బరువులెత్తకండి" అంది. వచ్చే ఆదివారం నుంచి కొట్టులో పొట్లాలు లేవు. స్కాన్‌కి ఎవరెవరు వస్తారో అడుగుతాను. రొట్టెల ఆవిడ ఇప్పటికే సరేనంది.

ఎక్కించేటప్పుడు పక్కన కూర్చోమని పాపాయి నన్ను అడిగింది. వెళ్లనా, నువ్వొస్తావా?

నీ చెల్లి

*

కిటికీ పక్క బల్ల

చెల్లీ,

నువ్వే కూర్చో. అది అడిగింది నిన్ను. అడగని చోట నేను కూర్చోను, మెట్ల మీద తప్ప.

నేను ఇన్నాళ్లూ సైన్సు చెప్పాను. నువ్వు ఒక పూటలో దూది లాగావు. అది నీ మాట విన్నది. సంతోషంగా ఉందా అంటే ఉంది. ఒళ్లు మండుతోందా అంటే అదీ ఉంది. రెండూ ఒకే కప్పులో పోసుకుని తాగుతున్నాను, రుచి నీ కషాయంలాగే ఉండి ఉంటుంది. పోనీలే, నీకు నా మీద అసూయ ఉందని రాశావు కదా, ఆ ఉత్తరం మాత్రం దిండు కింద పెట్టుకున్నాను. అప్పుడప్పుడూ తీసి చదువుతాను. మందులా పనిచేస్తోంది.

పాపాయి రాత్రి ఫోను చేసింది. "నీకు కోటు సంగతి ముందే తెలుసటగా?" అంది. తెలుసన్నాను. "మరి చెప్పలేదేం?" అంది. "ఇస్త్రీ చేస్తున్నాను" అన్నాను. "పిన్నికి మందు ఎక్కించడం అయ్యాక నీ దగ్గరికొస్తానమ్మా, నిన్ను కూడా కొత్త స్కాన్‌కి తీసుకెళ్తాను" అంది. నన్ను కూడా, అంది. రెండో మాటైనా సరే, తీసుకున్నాను.

నువ్వు అందరి ముందు దూది లాగాక నేను ఇంట్లో కూర్చుని బడాయి పోవడం బాగుండదు కాబట్టి, నా మొదటి ఉత్తరంలో ఒక తప్పు ఉంది, సరిచేస్తున్నాను. నేను కూర్చోలేదు. పడ్డాను. గోధుమరంగు కోటు అంచు కాలికింద పడింది. అది ఏడాదిగా మెట్లు ఊడుస్తోంది. నీకు పంపితే ఒక్క చూపులో కొలత పట్టేస్తావని, పాపాయికి చెప్పేస్తావని పంపలేదు. ఇవాళ గుమ్మం దగ్గర నిలబడి మనవరాల్ని గీత గియ్యమన్నాను. అది గీసి, పాత గీత వంక చూసి, వెళ్లి టీ పెట్టింది. ఈ పిల్ల నీ పోలికే.

కోటు పార్శిల్ చేశాను. బుధవారానికి అందుతుంది. మీ పోస్టాఫీసు మధ్యాహ్నం మూసేస్తారు కదా, పొద్దున్నే వెళ్లు. నువ్వు ఎత్తకు, కాజాలు కుట్టే అమ్మాయి చేత మోయించు. అస్తరు మార్చు, ఎరుపు వద్దు. అంచు నీ కోటుకి ఎంత మడిచావో అంతే మడిచి చూడు, నాకు సరిగ్గా సరిపోతుందని అనుమానం. భుజాల్లో దూది పెట్టు. నీకు రెండు పొరలైతే నాకు మూడు. కిందనున్న బట్ట మాత్రం కత్తిరించకు, లోపలికి మడిచి పెద్ద కుట్లతో వదులుగా కుట్టు. పాపాయి పొడుగు మనిషి, రేపు కోటు దానిదయ్యాక విప్పుకోవడం తేలికవ్వాలి.

నీ అక్క